ఒకే డిష్, మూడు టీవీలు: రెండో టీవీకి బిల్లు ఎంత? వైరింగ్ ఎలా ఉండాలి?

‘‘నాయనా, కింద టీవీ బానే వస్తా ఉంది. మిద్దె మీద దానికే సిగ్నల్ లేదంటా ఉంది. నువ్వు రీచార్జి చేశావా, లేదా?’’

నెల్లూరు జిల్లా పడమటి వైపున్న వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో ఇలాంటి ఫోన్ వస్తే కొడుకు చేసే మొదటి పని యాప్ తెరిచి డబ్బు కట్టడం. డబ్బు కడతారు, టీవీ మాత్రం రాదు. ఎందుకంటే అక్కడ సమస్య రీచార్జిది కాదు, వైరుది. ఒక్కోసారి దీనికి తలకిందులుగా జరుగుతుంది. తప్పు బిల్లులో ఉంటే, మెకానిక్ వచ్చి డిష్ తిప్పి వెళ్తాడు.

ఇంట్లో రెండో టీవీ, మూడో టీవీ ఇప్పుడు విశేషం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. హాల్లోకి పెద్ద టీవీ వస్తే, పాతది పడక గదిలోకో మిద్దె మీదికో చేరుతుంది. మరి దానికి కనెక్షన్ ఎలా? ఒక ఇంటికి ఒక బిల్లు సరిపోదా? 2024లో మారిన నిబంధనలతో రెండో టీవీ బిల్లుకు ఏమైంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకప్పుడు ఒక్క వైరుతోనే మూడు టీవీలు వచ్చేవి కదా?

నిజమే. పాత అనలాగ్ కేబుల్ రోజుల్లో చానళ్లన్నీ ఒకే వైరులో తాళం లేకుండా వచ్చేవి. వైరుకు ఒక స్ప్లిటర్ తగిలించి ఎన్ని టీవీలకైనా పంచుకునేవాళ్లు. ఆపరేటర్ ఇంటికి ఒక్క అద్దే తీసుకునేవాడు.

కేబుల్ టీవీ చట్టాన్ని 2011లో సవరించి డిజిటలీకరణను తప్పనిసరి చేశారు. నాలుగు దశల్లో సాగిన ఈ మార్పు మహానగరాలతో మొదలై, 2017 మార్చి 31 గడువుతో పల్లెలకూ చేరింది. అప్పటి నుంచి చానళ్లు తాళం వేసి వస్తున్నాయి. ఆ తాళం తీసేది సెట్‌టాప్ బాక్సు. ఒక బాక్సు ఒకసారికి ఒక చానల్‌నే టీవీకి ఇస్తుంది. అందుకే వేర్వేరు గదుల్లో వేర్వేరు చానళ్లు చూడాలంటే ఎన్ని టీవీలో అన్ని బాక్సులు కావాలి. డీటీహెచ్‌లో అయితే మొదటి నుంచీ ఇదే పద్ధతి.

నిబంధనల లెక్కలో చందాదారు ఎవరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనం ఇంటిని ఒక కనెక్షన్ అనుకుంటాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనల్లో లెక్క వేరు. ఒక చోట ఉన్న ప్రతి సెట్‌టాప్ బాక్సునూ ఒక చందాదారుగా పరిగణిస్తారు. ఇల్లు ఒకటే అయినా బాక్సులు మూడుంటే చందాదారులు ముగ్గురు.

బిల్లులో రెండు ముక్కలుంటాయి. మొదటిది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే ఎన్‌సీఎఫ్. చానళ్లను మీ ఇంటిదాకా చేర్చినందుకు డీటీహెచ్ కంపెనీ గానీ కేబుల్ సంస్థ గానీ తీసుకునే రుసుము ఇది. రెండోది మీరు ఎంచుకున్న పే చానళ్ల ధర. ఈ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ పడుతుంది.

2019లో కొత్త విధానం అమల్లోకి వచ్చినప్పుడు 100 చానళ్లకు ఎన్‌సీఎఫ్ గరిష్ఠంగా 130 రూపాయలు. ఒక ఇంట్లో రెండో టీవీకీ అంతే కట్టాలా అని జనం నుంచి విమర్శలు వచ్చాయి. దాంతో ట్రాయ్ 2020 జనవరి 1న నిబంధనలు సవరించింది. 130 రూపాయలకే 200 చానళ్లు ఇవ్వాలని, రెండో టీవీ నుంచి ఒక్కోదానికి మొదటి టీవీ ఎన్‌సీఎఫ్‌లో 40 శాతానికి మించి తీసుకోకూడదని చెప్పింది.

ఆ 40 శాతం విలువ ఎంతో మూడు టీవీలున్న ఇంటికి లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక్కో టీవీకి 130 చొప్పున కడితే 390 రూపాయలు, జీఎస్టీతో 460.20. అదే 40 శాతం పరిమితితో 130, 52, 52 కలిపి 234 రూపాయలు, జీఎస్టీతో 276.12. నెలకు 184 రూపాయల తేడా. ఏడాదికి 2,200 రూపాయల పైమాటే. ఇది ఒక్క ఎన్‌సీఎఫ్ మీదే. పే చానళ్ల ధర దీనికి అదనం.

2024లో ఏం మారింది?

2024 జులై 8న ట్రాయ్ మరో సవరణ ప్రకటించింది. ఎన్‌సీఎఫ్ మీద ఉన్న గరిష్ఠ పరిమితులను తీసేసి, ధర నిర్ణయాన్ని కంపెనీలకే వదిలేసింది. ప్రాంతాన్ని బట్టి, చానళ్ల సంఖ్యను బట్టి, వినియోగదారుల వర్గాన్ని బట్టి వేర్వేరు ఫీజులు పెట్టుకోవచ్చు. ఇన్‌స్టలేషన్, మెకానిక్ ఇంటికి వచ్చినందుకు తీసుకునే చార్జీ, డిష్‌ను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చే చార్జీలను కూడా కంపెనీల ఇష్టానికే వదిలారు.

దీనికి బదులుగా ఒక షరతు ఉంది. ఆ చార్జీలన్నిటినీ కంపెనీ బహిరంగంగా ప్రకటించాలి, వినియోగదారుకు తెలియజేయాలి, ట్రాయ్‌కూ నివేదించాలి.

ఇంటి యజమానికి దీని అర్థం ఏమిటి? ‘‘రెండో టీవీకి 40 శాతమే కదా’’ అని పాత నిబంధన చూపించి వాదించడం ఇప్పుడు కుదరదు. మీ కంపెనీ ప్రకటించిన ధరే ప్రామాణికం. అయితే బేరానికి మీ చేతిలో బలం లేకపోలేదు. ట్రాయ్ గణాంకాల ప్రకారం 2021లో దాదాపు 7 కోట్లున్న డీటీహెచ్ చందాదారులు 2025 మార్చి నాటికి 5.7 కోట్లకు తగ్గారు. ఉన్నవాళ్లను వదులుకునే స్థితిలో కంపెనీలు లేవు. కాబట్టి రెండో టీవీకి కొత్త కనెక్షన్ తీసుకునే ముందు ఈ మూడు విషయాలు అడగండి:

- పాత ఖాతాలోనే అదనపు టీవీగా చేరిస్తే ఎన్‌సీఎఫ్ ఎంత? కొత్త కనెక్షన్‌గా తీసుకుంటే ఎంత?
- రెండో టీవీకి వేరే చిన్న ప్యాక్ పెట్టుకోవచ్చా, మొదటి టీవీ ప్యాకే ఉండాలా?
- ఎల్‌ఎన్‌బీ, వైరు, మెకానిక్ చార్జీలు ఆఫర్‌లో కలిసే ఉన్నాయా, విడిగా కట్టాలా?

ఒక డిష్‌కు రెండు బాక్సులు తగిలించడానికి స్ప్లిటర్ చాలదా?

చాలదు. ఎందుకో తెలిస్తే సగం గొడవలు తప్పుతాయి.

డిష్ చేసే పని 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సంకేతాలను ఒక చోటికి చేర్చడం మాత్రమే. వాటిని అందుకుని, వైరులో ప్రయాణించే స్థాయికి మార్చి, బలం పెంచి కిందికి పంపేది డిష్ ముందు చేయిలా పొడుచుకొచ్చిన ఎల్‌ఎన్‌బీ. దీనికి కరెంటు ఇచ్చేది కూడా సెట్‌టాప్ బాక్సే, అదే వైరు ద్వారా.

బాక్సు కరెంటుతో పాటు ఆజ్ఞ కూడా పంపుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు ధ్రువణంలోని చానళ్లు, 18 వోల్టులు పంపితే అడ్డ ధ్రువణంలోని చానళ్లు ఇవ్వమని అర్థం. కొన్ని ఎల్‌ఎన్‌బీలకు బ్యాండ్ మార్చమని చెప్పే మరో సంకేతమూ ఉంటుంది. ఒకే అవుట్‌పుట్ ఉన్న ఎల్‌ఎన్‌బీ ఒకసారికి ఒక ఆజ్ఞనే పాటిస్తుంది. కేబుల్ టీవీ స్ప్లిటర్ పెట్టి రెండు బాక్సులు కలిపితే, హాల్లో వాళ్లు చానల్ మార్చగానే పడక గదిలో టీవీ ఆగిపోవచ్చు. రెండు బాక్సులూ ఒకే ఆజ్ఞ ఇస్తున్నంతసేపూ బాగానే ఆడుతుంది. అందుకే ‘‘కొన్ని చానళ్లు వస్తాయి, కొన్ని రావు, అదీ అప్పుడప్పుడు’’ అనే వింత ఫిర్యాదు పుడుతుంది.

సరైన పరిష్కారం టీవీల సంఖ్యను బట్టి ఉంటుంది. రెండు టీవీలకు రెండు అవుట్‌పుట్లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ, మూడు నాలుగు టీవీలకు క్వాడ్ ఎల్‌ఎన్‌బీ. ఒక్కో అవుట్‌పుట్ నుంచి ఒక్కో బాక్సుకు విడి వైరు నేరుగా రావాలి. అపార్ట్‌మెంట్లు, లాడ్జీల వంటి చోట్ల మల్టీస్విచ్ వాడతారు. డైసెక్ స్విచ్ అనే మరో చిన్న పరికరం దుకాణాల్లో దొరుకుతుంది. దాని పని వేరు. రెండు మూడు ఎల్‌ఎన్‌బీలను ఒకే బాక్సుకు కలపడానికి అది. ఎక్కువ టీవీలకు పనికిరాదు.

వింజమూరులో డిష్ ఎటు చూడాలి?

ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు పైన ఉంటాయి. మన డీటీహెచ్ కంపెనీలు వాడేవి మనకు తూర్పుగా ఉన్న రేఖాంశాల మీద ఉన్నాయి. అందుకే వింజమూరులో ఏ డిష్ అయినా దక్షిణానికీ ఆగ్నేయానికీ అటూ ఇటూ చూస్తుంది. పడమటనున్న వెలిగొండలు దీనికి అడ్డం రావు.

టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్నాయి. వింజమూరు నుంచి చూస్తే అది దాదాపు దక్షిణ దిక్కే, ఎత్తు 72 డిగ్రీలు. డీడీ ఫ్రీ డిష్ వాడే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల దగ్గర. అది సరిగ్గా ఆగ్నేయ దిక్కు, ఎత్తు 66 డిగ్రీలు. ఎయిర్‌టెల్ వాడే ఉపగ్రహం 108.2 డిగ్రీల దగ్గర ఉంది. అది తూర్పుకు బాగా జరిగి, 53 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మన డిష్‌లలో ఎల్‌ఎన్‌బీ నడిమధ్యలో కాకుండా కిందికి ఉంటుంది కాబట్టి, డిష్ ముఖం అంత పైకి తిరిగినట్టు కనిపించదు. చూపు మాత్రం పైకే.

దీని వల్ల రెండు విషయాలు తేలతాయి. ఒకటి, ఒక కంపెనీకి పెట్టిన డిష్‌తో, ఉపగ్రహం వేరే చోట ఉన్న మరో కంపెనీ రాదు, తిప్పి మళ్లీ సరిచేయాలి. రెండు, చెట్ల సంగతి. డిష్ కన్నా 10 మీటర్లు ఎత్తున్న కొబ్బరి చెట్టు చూపు దారిలో ఉందనుకుందాం. 53 డిగ్రీల డిష్‌కు అది ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉన్నా అడ్డమే. 72 డిగ్రీల డిష్‌కు మూడు మీటర్ల లోపు ఉంటేనే అడ్డం. ఏటా ఒకే కాలంలో చానళ్లు పోతుంటే, ఆ దిక్కున కొమ్మలు పెరిగాయేమో ముందు చూడాలి.

వైరు లాగేటప్పుడు ఏం చూసుకోవాలి?

బాక్సు పాతబడుతుంది, కంపెనీ మారుతుంది. గోడలో వేసిన వైరు మాత్రం పాతికేళ్లు ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్‌కు ముందే ఆలోచించాల్సిన పని ఇది.

- పైపులు: మిద్దె మీద ఒక చోట నుంచి ప్రతి టీవీ పాయింటుకూ విడి పైపు వేయించండి. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని కలపొద్దు.
- వైరు రకం: డిష్‌కు ఆర్‌జీ-6 అనే 75 ఓమ్ కోయాక్సియల్ వైరు వాడతారు. ప్రతి పాయింటుకూ దీనితో పాటు ఒక ఇంటర్నెట్ లాన్ వైరు కూడా వేసి ఉంచితే రేపు ఫైబర్ కనెక్షన్‌కు మారినా గోడ పగలగొట్టే పని ఉండదు.
- దూరం: 30 మీటర్ల ఆర్‌జీ-6 వైరు దాటేసరికి పై పౌనఃపున్యాల్లో సిగ్నల్ శక్తి దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఎల్‌ఎన్‌బీ ముందే బలం పెంచి పంపుతుంది కాబట్టి ఆ దూరం వరకు ఇబ్బంది ఉండదు. మధ్యలో అతుకులు మాత్రం వద్దు. ప్రతి అతుకూ కొంత సిగ్నల్ తింటుంది, తేమకు దారి ఇస్తుంది.
- వాన నీరు: ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్లకు వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టించండి. వైరు గోడలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదిలితే నీరు అక్కడే కారిపోతుంది, లోపలికి రాదు.
- గాలి: నెల్లూరు జిల్లాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాల కాలం. డిష్‌ను ఇటుకలతో ఆనించి వదిలేయకుండా కాంక్రీటుకు బోల్టులతో బిగించాలి. ఒకటి రెండు డిగ్రీలు కదిలినా సిగ్నల్ పోతుంది.
- పిడుగు: డిష్ స్తంభానికి ఎర్త్ ఇప్పించండి. ఉరుములు మొదలవకముందే బాక్సు ప్లగ్గుతో పాటు డిష్ వైరునూ తీసేయడం మేలు. స్విచ్ ఆపితే సరిపోదు. ఉరుములు మొదలయ్యాక మాత్రం వైర్లను ముట్టుకోవద్దు.

జడివాన కురిసేటప్పుడు కాసేపు బొమ్మ ఆగిపోవడం వైరింగ్ లోపం కాదు. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ సంకేతాలను వాన చినుకులు పీల్చుకుంటాయి. వాన తగ్గాక అరగంటకూ రాకపోతే అప్పుడు డిష్ కదిలిందేమో చూడాలి.

రెండో టీవీకి డీటీహెచ్ తప్ప దారి లేదా?

ఉన్నాయి. ఆ టీవీలో ఎవరు, ఏం చూస్తారన్న దాన్ని బట్టి ఎంచుకోవాలి.

*డీడీ ఫ్రీ డిష్:* ప్రసార భారతి 2004 డిసెంబరులో మొదలుపెట్టిన ఈ సేవకు నెలవారీ చందా లేదు. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు. క్వాడ్ ఎల్‌ఎన్‌బీ పెట్టి నాలుగు టీవీలకు ఇచ్చినా బిల్లు సున్నాయే. వార్తలకు, సప్తగిరి, యాదగిరి వంటి దూరదర్శన్ చానళ్లకు ఇది సరిపోతుంది. ప్రైవేటు చానళ్ల స్లాట్లను వేలంలో ఇస్తారు కాబట్టి జాబితా మారుతుంటుంది. అమ్మ రోజూ చూసే సీరియల్ చానల్ అందులో ఉందో లేదో చూశాకే కొనండి. బాక్సు ఎంపెగ్-4 రకం తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్సులో కొన్ని చానళ్లు రావు.

*ఫైబర్:* ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అని ప్రకటించడంతో ఊళ్లలో చాలామంది చేరారు. ఇందులోనూ, ప్రైవేటు బ్రాడ్‌బ్యాండ్ టీవీ సేవల్లోనూ వాన వల్ల బొమ్మ ఆగే సమస్య ఉండదు. ఫైబర్ తెగినా, కరెంటు పోయినా మాత్రం ఇంట్లో టీవీలన్నీ ఒకేసారి ఆగుతాయి. ప్రతి టీవీకి బాక్సు లెక్క ఇక్కడా ఉంటుంది, కాబట్టి అదనపు బాక్సు ధర ముందే అడగాలి.

*ఒకే బాక్సు, రెండు టీవీలు:* హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో ఒక బాక్సు బొమ్మను రెండు టీవీలకు ఇవ్వచ్చు. రెండింట్లోనూ ఒకే చానల్ వస్తుంది, మార్చాలంటే బాక్సు ఉన్న గదికే వెళ్లాలి. హాలు, వంటిల్లు పక్కపక్కనే ఉన్న ఇంట్లో ఇది పనికొస్తుంది. మిద్దె మీద అద్దెకున్న వాళ్లకు పనికిరాదు.

ఒక కంపెనీ బాక్సును మరో కంపెనీకి వాడుకునే వీలు ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో కేంద్రానికి సిఫారసు చేసింది. అది అమలై ఉంటే రెండో టీవీ ఖర్చు చాలా తగ్గేది. ఇప్పటికీ కంపెనీ మారితే బాక్సు మూలన పడాల్సిందే.

ఊళ్లో టీవీ, నగరంలో రీచార్జి: ఎక్కడ డబ్బు పోతోంది?

మిద్దె మీద టీవీ సంక్రాంతికి పిల్లలొచ్చినప్పుడు తప్ప ఆన్ చేయని ఇళ్లు ఎన్నో. దానికీ పన్నెండు నెలలూ కడుతుంటారు. అదనపు కనెక్షన్‌ను తాత్కాలికంగా నిలిపే సౌకర్యం అడగండి. దానికి ఎంత తీసుకుంటారో కూడా అడగండి. ఆ చార్జీ నెల బిల్లు కన్నా తక్కువైతేనే లాభం.

ఇంకోటి, చాలా చోట్ల ఒక ఖాతాలోని బాక్సులన్నిటికీ డబ్బు ఒకే వాలెట్ నుంచి పోతుంది. మిద్దె మీది టీవీలో పొరపాటున రిమోట్ నొక్కి ఒక చానల్ చేర్చుకుంటే, కింది టీవీ గడువు ముందే అయిపోతుంది. నెలకోసారి యాప్‌లో బాక్సుల వారీగా బిల్లు తెరిచి చూడండి.

చెప్పిన ధర ఒకటి, తీసుకున్నది ఒకటి అయితే ముందు కంపెనీ కాల్ సెంటర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే కంపెనీ నోడల్ అధికారికి రాయండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను నేరుగా పరిష్కరించదు.

ఇంతకీ ఆ ఫోన్‌కు ఏం జవాబు చెప్పాలి?

యాప్ తెరిచే ముందు, టీవీ మీద ఏం రాసి ఉందో చదవమనండి. గడువు అయిపోయిందనో, చానల్ ప్యాక్‌లో లేదనో ఉంటే అది బిల్లు సంగతి. ‘సిగ్నల్ లేదు’ అని ఉంటే రీచార్జి చేసి లాభం లేదు. కింద టీవీ బాగానే వస్తోంది కాబట్టి డిష్ కదల్లేదని కూడా తెలిసినట్టే.

మిగిలింది ఒక చిన్న పరీక్ష. మిద్దె మీది బాక్సును కిందికి తెచ్చి, ప్లగ్గు తీసేసి, కింది వైరుకు తగిలించమనండి. సిగ్నల్ వస్తే బాక్సు బాగున్నట్టు, లోపం పైవైరులోనో ఎల్‌ఎన్‌బీ అవుట్‌పుట్‌లోనో ఉన్నట్టు. రాకపోతే బాక్సే పోయినట్టు. ఏది పోయిందో ముందే తెలిస్తే, మెకానిక్ దానికి తగ్గ సామానుతో ఒక్కసారే వస్తాడు. రెండోసారి వచ్చినందుకు కట్టాల్సిన చార్జీ మిగులుతుంది.